వంటగది తలుపు, ఉదయం ఆరూ పది

4117వ నమోదు. గాలి: పడమర, మెల్లగా. మంచు: చిక్కగా.

ఈ రోజు పనులు రెండే. ఉయ్యాలపేటలో పుష్పవల్లికి పుట్టిన ఆడపిల్ల పేరు ఎక్కించాలి. నాలుగో బుడగ కిందకి ఇల్లు మారినవాళ్ళకి పాత తలుపు తీసి కొత్త తలుపు ఇవ్వాలి. రెండూ రేపటికి వాయిదా వేశాను, మోకాళ్ళు లేవనన్నాయి.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళెవరో నాకు తెలీదు. ఎవరైనా సరే, ఈ చిట్టా చదివి తీరాలి కాబట్టి నా సంగతి కూడా చదవాల్సిందే. పేరు సత్యవేణి. మబ్బులంక పేర్ల కాపరిని. వయసు అరవై ఒకటి, కుడికంట్లో శుక్లం, నోరు మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది.

మన ఊళ్ళో తాళంచెవులు లేవు. తలుపు మీద చెయ్యి పెడితే తలుపు నా పట్టికని అడుగుతుంది. ఈ మనిషి మనవాడేనా, ఈ గదిలోకి రావచ్చా అని. పట్టిక ఊఁ అంటే, "రండి ఫలానా గారూ" అంటుంది తలుపు. కాదంటే, "ఎవరండీ మీరు?" అంటుంది. కింద ఇంకా నేల ఉన్న రోజుల్లో ఎవరో ఆడమనిషి చెప్పిపోయిన గొంతది. పద్దెనిమిది బుడగల కింద వేలాడే ఈ ఊరంతా ఆవిడ ఒక్కతే పలుకుతుంది. ఆవిడకి జవాబు చెప్పేది నేను, నల్లతెర మీద ఒక్కో వాక్యం కొట్టి.

మన పనికి ఒకటే నీతి. కల చూడకుండా చెయ్యి వెయ్యకు. ఏ ఆజ్ఞ కొట్టినా చివర 'కల' అని చేరిస్తే, ఆ పని జరగదు. జరిగితే ఊరు ఎలా ఉంటుందో తెర మీద నడుస్తుంది, అంతే. ఏ తలుపు ఎవరికి తెరుచుకుంటుందో, ఎవరు బయట నిలబడిపోతారో, అన్నీ లేతనీలం అక్షరాల్లో మెల్లగా పైకి పోతుంటాయి. నిజం తెల్లగా వస్తుంది. నాకు మంచురోజుల్లో ఆ నీలాన్ని చూస్తూ కూర్చోవడం ఇష్టం. జరగని ఊరొకటి నా కళ్ళ ముందు లేచి, పనులు చేసుకుని, పడుకుంటుంది.

ఇంకొక్క మాట. ఇది ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు నేను 'చూపు రామభద్రం' అని కొడతాను.

పేరు: రామభద్రం. పని: బుడగల కుట్టు. చివరిగా తెరిచిన తలుపు: ఇల్లు, వంటగది. వేళ: ఉదయం ఆరూ పది.

ఆయన మా ఆయన. పోయి మూడేళ్ళయింది. ఆ రోజు అయిదున్నరకే పనికి వెళ్ళారు. మళ్ళీ ఆరూ పదికి వంటగదిలోకి ఎందుకు వచ్చారో తెలీదు, నేను నిద్రలో ఉన్నాను. లేచి చూస్తే ఉప్పుజాడీ మూత తీసి ఉంది. మంచు తగిలితే ఉప్పు నీరుగారిపోతుందని ఎన్నిసార్లు చెప్పినా ఈ మనిషి చెవికెక్కదు కదా అని గట్టిగా తిట్టుకున్నాను. నేను తిట్టుకుంటున్న వేళకి తొమ్మిదో బుడగ దగ్గర ఆయన తాడు జారిపోయి ఉంది. కింద మబ్బు తప్ప ఏమీ లేదు.

4118వ నమోదు. గాలి: లేదు. మంచు: చిక్కగా.

కమిటీ పెద్ద సోమరాజు గారు వచ్చారు. ఎవరో మైనంతో పక్కింటాయన అరచేతి అచ్చు తీసి నీళ్ళగది తెరిచారట. అందుకని పున్నమి పొద్దుటినుంచి కొత్త సూత్రం. ఇంట్లోంచి బయటికి వెళ్ళడానికి ఏమీ అక్కర్లేదు. లోపలికి రావాలంటే మాత్రం అరచెయ్యీ కావాలి, గొంతూ కావాలి. సూత్రం కమిటీ మిషనులోంచి దానంతటదే మొదలవుతుంది, నాకు ఆపే వీలు లేదు.

"మరి గొంతు లేని మనిషి సంగతేంటండీ?" అన్నాను.

ఊళ్ళో గొంతు లేనిది ఒక్కరికే. మా ఆయన అక్క, కాసులమ్మ వదిన. రెండేళ్ళ కింద గొంతులో కంతి తీశారు, దాంతోపాటు మాటా పోయింది. అప్పటినుంచీ పలక మెళ్ళో వేసుకుని తిరుగుతుంది. ఊరి చివర, వెలి అరుగు మీద మంచువలలు ఆవిడవే. పొద్దున్నే వలలు విదిలించి ఊరికి తాగేనీళ్ళు పట్టిపెడుతుంది.

"ఆయ్, దానికేవుందండీ," అన్నారు సోమరాజు గారు. "మీ దగ్గర ఏడు చోట్లున్నాయి కదా. ఒకటి ఖాళీగానే ఉందని కిందటేడు మీరే చెప్పేరు. ఆవిణ్ణి అందులోకి ఎక్కించెయ్యండి మరి."

"అలాగేనండి," అన్నాను.

ఏడు చోట్లంటే చెబుతాను. ఏ సూత్రమూ తాకని పేర్లు ఏడే ఉండాలి. వెనకటి కాపరి ఒకాయన తన చుట్టాలందర్నీ మినహాయింపులో పెట్టేస్తే, ఊరు గోలపెట్టి ఏడుకి కట్టేసింది. డాక్టరు, మంటలార్పేవాడు, బుడగల కాపలా ముగ్గురు, నేను. ఇవి ఆరు. ఏడోది ఖాళీ అని నేను చెప్పినది అబద్ధం. అందులో మా ఆయన ఉన్నారు.

ఏడాదిపాటు ఏ తలుపూ తెరవని పేరుని మధ్యాహ్నం పన్నెండింటికి తిరిగే ఊడ్పు తీసేస్తుంది. అసలు ఆచారం ప్రకారం పోయినవాళ్ళ పేరు పదకొండో రోజునే కాపరి తియ్యాలి. తీశాక ఇంటివాళ్ళు తలుపు ముందు నిలబడి ఆ పేరు చెబుతారు. తలుపు "ఎవరండీ?" అంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు "మావాడేనండి, వెళ్ళిపోయాడు" అని జవాబు చెప్పి వస్తారు. ఊళ్ళో అందరిళ్ళల్లో నేనే దగ్గరుండి జరిపించాను. మా ఇంట్లో జరగలేదు, ఒక్కదాన్నే కానిచ్చేశానని అందరితో అన్నాను. మనిషి దొరకలేదు కదా, అప్పుడే తొందరేముంది అని ఏడో చోట్లో దాచిపెట్టాను. దాచి మూడేళ్ళు పట్టిక చూసుకుంటూ బతికాను.

4119వ నమోదు. గాలి: లేదు. మంచు: చేతికి తగిలేంత.

కమిటీవాళ్ళు మిషనులో కొత్త సదుపాయం పెట్టారు. కల గది. ప్రతి వాక్యం చివరా 'కల' అని కొట్టే శ్రమ లేకుండా, ఒక్కసారి గదిలోకి వెళ్తే బయటికి వచ్చేదాకా కొట్టినదంతా కలే. ముసలిదాన్నని నామీద జాలిపడి పెట్టారేమో.

లోపలికి వెళ్ళి కొట్టాను. ఏడో చోటునుంచి రామభద్రాన్ని తీయి. కాసులమ్మని చేర్చు. మర్నాటి మధ్యాహ్నం వరకూ నడిపించు.

నీలం ఊరు నడిచింది. వదిన వలలు విదిలించి వచ్చి చెయ్యి పెట్టింది, తలుపు రమ్మంది. పెట్టెబండ్లు తాళ్ళమీద జారాయి. పిల్లలు బడిలోకి వెళ్ళారు. పన్నెండయింది, ఊడ్పు తిరిగింది, ఒక పేరు పోయింది. పన్నెండూ ఒకటికి డాక్టరుగారు తన గది తెరుచుకున్నారు. అంతే! ఊరు ఒక్క వేలెడైనా ఒరగలేదు. నాకు అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పలేను. ఒరగాలి కదా, కాస్తయినా.

మళ్ళీ నడిపించాను. ఆరుసార్లు. ఆ తర్వాత ఆకలేసి అటుకులు తినడానికి లేచాను.

4120వ నమోదు. గాలి: తూర్పునుంచి కొంచెం. మంచు: చిక్కగా.

పుష్పవల్లి కూతురి పేరు ఎక్కించాను. ఇల్లు మారినవాళ్ళ తలుపులూ మార్చాను. కిటికీలోంచి వచ్చే వెలుగు నీలంగా ఉండి తెరా గోడా నా చేతులూ అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఇలాంటి రోజున పని చేస్తుంటే మెలకువగా ఉన్నట్టే ఉండదు.

సాయంత్రం పుష్పవల్లి పిల్లని ఎత్తుకుని వచ్చింది. "అత్తా, తలుపు మా పిల్లని ఎవరండీ మీరు అంటందండి. మూడుసార్లు చెయ్యి పెట్టించేను."

"పిడికిలి విప్పి పెట్టించావా? పసిపిల్ల చెయ్యి ముడుచుకుని ఉంటుంది. వేళ్ళు తిన్నగా పెట్టించు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పేర్లు ఎక్కిస్తున్నాను, నాకు చెబుతున్నావా!"

"ఎవరు కాదన్నారండీ," అని గొణుక్కుంటూ వెళ్ళింది పాపం.

ఆ వెనకే వదిన. డెబ్బై ఏళ్ళు, మనిషి వెదురుబద్దలా ఉంటుంది. కూర్చోకుండానే పలక చూపించింది. "నా చోటు ఎక్కించేవా?"

"ఎక్కిస్తానులే వదినా. పున్నమి ఎల్లుండి కదా."

పైట చెంగుతో తుడిచి మళ్ళీ రాసింది. "నీ ఎల్లుండి నాకు తెల్సు. నీ పెళ్ళికే నువ్వు ఆలస్యంగా వచ్చేవు."

"అవునులే, నువ్వేమో ముందే వచ్చి లడ్డూలన్నీ లెక్కపెట్టావు."

గొంతు లేకుండా నవ్వింది. ఆవిడ నవ్వితే భుజాలు కదులుతాయి, మా ఆయనకి కదిలినట్టే. ఏడో చోట్లో ఎవరున్నారో చెప్పెయ్యాలనిపించింది. తమ్ముడి కర్మకాండ నేను ఎగ్గొట్టానని తెలిస్తే ఈవిడ ఈ జన్మకి నన్ను క్షమించదు. చెప్పలేదు.

4121వ నమోదు. గాలి: తూర్పు, విసురుగా. మంచు: విడివిడిగా.

చేశాను. పొద్దున్న స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, మిషను ముందు కూర్చుని ఆయన పేరు మూడుసార్లు పలికి, తీసేశాను. వదినని చేర్చాను. ఏడో గీత మీద కాసులమ్మ అని కనబడింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. మూడేళ్ళనుంచి ఆగినదంతా వచ్చేసింది. తర్వాత ఒంట్లో ఏదో తేలికైపోయి, పట్టపగలు రెండు గంటలు నిద్రపోయాను. కలలో కూడా ఆయన రాలేదు. మంచిదే అనుకున్నాను.

మధ్యాహ్నం ఊడ్పు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

4122వ నమోదు. పున్నమి. గాలి: ఈదురు.

వరసగా రాస్తాను.

తెల్లారేసరికి గాలి లేచింది. పెట్టెబండ్లు ఆపేశామని సోమరాజు గారు మాటలగొట్టంలో అరిచి చెప్పారు. ఊరు ఊరంతా తలుపులేసుకుంది. నేను తెర ముందు కూర్చుని కొత్త సూత్రం ఎలా నడుస్తోందో చూస్తున్నాను. ఆరూ నలభైకి వెలి అరుగు తలుపు, "రండి కాసులమ్మ గారూ." అమ్మయ్య అనుకున్నాను. ఆరూ యాభైకి ఆవిడ వంటగది తెరుచుకుంది. జావ కాచుకుంటోందన్నమాట.

అప్పుడు నెత్తిమీద ఇత్తడిగంట మోగింది.

ఒకే తలుపు ఒకే మనిషిని నలభైసార్లు కాదంటే మోగే గంట అది. నా ఉద్యోగంలో రెండుసార్లు విన్నాను. పక్కన బిళ్ళ తిరిగి తలుపు అంకె చూపిస్తుంది. చూశాను. 212. వెలి అరుగు తలుపు.

తెర మీద వదిన జావ కాచుకుంటోంది. గంటేమో వదిన బయట ఉందంటోంది.

నీలం. అక్షరాలు నీలం! వెలుగు కాదు, మంచు కాదు, నా కంట్లో శుక్లం కాదు. మూడు రోజుల కింద అటుకులు తినడానికి లేచినదాన్ని కల గదిలోంచి బయటికే రాలేదు. పుష్పవల్లి పిల్ల పేరు కల. తలుపుల మార్పు కల. నేను స్నానం చేసి, ఏడ్చి, తీసిన పేరు కల. నిజమైనవి రెండే, కమిటీ మిషనులోంచి వచ్చిన సూత్రమూ, ఈ గాలీ. బుద్ధిలేని ముండని, ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవమట!

కల గది మూసేశాను. అక్షరాలు తెల్లబడ్డాయి. వరసగా దిగాయి. కాసులమ్మ, అరచెయ్యి సరే, గొంతు లేదు, కాదు. కాసులమ్మ, అరచెయ్యి సరే, గొంతు లేదు, కాదు. ఆరూ ముప్ఫై ఎనిమిదినుంచి. ఆ అరుగుకి గోడ లేదు, వలలు కట్టే గుంజలు తప్ప పట్టుకోవడానికేమీ లేదు. చుట్టుపక్కల ఇళ్ళు లేవు. అరవడానికి గొంతు లేదు. గొట్టంలో సోమరాజు గారిని కేకేస్తే, "బండి ఎయ్యలేవండీ, తాళ్ళు ఊగిపోతన్నాయి!" అన్నారు.

'ఏడు చోట్లకి కాసులమ్మని చేర్చు' అని కొట్టాను. చోటు లేదంది. నా పేరు తీసి నా చోటు ఇద్దామని చూశాను. కాపరి తన పేరు తానే తీసేసుకోవడానికి మిషను ఒప్పుకోదు. డాక్టర్ని తియ్యనా, ఈ గాలిలో? బుడగల కాపలావాళ్ళని తియ్యనా?

'ఏడో చోటునుంచి రామభద్రాన్ని తీయి.' కల చూడలేదు. పేరు నోటితో పలకలేదు. నిన్న అంత సేపు ఏడ్చినదాన్ని, ఈ రోజు ఆయన పేరులో ఒక అక్షరం తప్పు పడితే విసుక్కుని దిద్దుకున్నాను. కాసులమ్మని చేర్చు. అంతా కలిపి ఊపిరి పీల్చి వదిలినంత సేపు.

నలభై ఆరోసారి కాదంది తలుపు. నలభై ఏడోసారి రాలేదు. నేను తెర వైపు చూస్తూ ఉండిపోయాను. చెయ్యి పెట్టవే వదినా, ఇంకొక్కసారి పెట్టు, ఇంకొక్కసారి, అని పైకే అంటున్నాను. గాలికి ఊరంతా కిర్రుమంటోంది. ఆవిడ విసిగిపోయి తలుపు వదిలేసి గుంజ పట్టుకుని ఉంటుంది. లేకపోతే పట్టు జారి ఉంటుంది. ఆ ఇంట్లో ఇద్దర్నీ మబ్బే మింగితే నేను ఎవరికి ముఖం చూపించాలి!

ఏడూ ఇరవై రెండు. వెలి అరుగు తలుపు. "రండి కాసులమ్మ గారూ." తెల్లగా.

4123వ నమోదు. గాలి: తగ్గింది. ఎండ.

పొద్దున్నే మొదటి పెట్టెబండిలో వదిన దగ్గరికి వెళ్ళాను. రెండు అరచేతులూ ఒలిచిపోయి గుడ్డ చుట్టుకుని ఉంది. నన్ను చూసి పలక అందుకుంది. వేళ్ళు వంగక అక్షరాలు పెద్దవిగా, వంకరగా పడ్డాయి.

"చోటు ఎక్కిస్తానన్నావు."

కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఏడో చోటు, మూడేళ్ళు, అబద్ధం, కల గది, ఏదీ వదల్లేదు. "నిన్ను చంపబోయాను వదినా. నీ తమ్ముణ్ణి దాచుకోవాలని నిన్ను చంపబోయాను."

ఆవిడ చెంగుతో పలక తుడిచింది. తర్వాత, "ఇప్పుడున్నాడా?"

"ఉన్నారు. నిన్న గాలికి ఊడ్పు ఆపేశారు, ఈ మధ్యాహ్నం తిరిగితే పోతారు."

"చూపించు."

బండెక్కించి నా గదికి తీసుకొచ్చాను. దారిలో పుష్పవల్లి కనబడితే బండి ఆపి, "తప్పు నాదేనమ్మా, ఇవాళ ఎక్కిస్తాను" అని చెప్పాను. ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. నా నోట ఆ మాట ఎవరూ వినలేదు కదా.

పదకొండున్నరకి 'చూపు రామభద్రం' కొట్టాను. తెల్లని అక్షరాలు. చివరిగా తెరిచిన తలుపు: ఇల్లు, వంటగది. వేళ: ఉదయం ఆరూ పది.

"ఎందుకొచ్చారో ఇప్పటికీ తెలీదు," అన్నాను. "అయిదున్నరకే వెళ్ళిన మనిషి."

వదిన ఆ గీతని రెండుసార్లు చదివింది. బలపం తీసుకుంది. రాసింది, తుడిచింది, మళ్ళీ రాసింది. ఒక్కో పలక నిండగానే నాకు చూపించి తుడిచేసేది.

"ఉప్పు కోసం."

"మా ఇంట్లో అయిపోయింది. జావలోకి చిటికెడు తెమ్మన్నాను. ఎనక్కెళ్ళి గుప్పెడు తెచ్చిచ్చేడు. నిద్దరోతంది, లేపలేదు అన్నాడు."

"నేను అడక్కపోతే ఆలీసం అయ్యేది కాదు. కంగారులో ముడి సరిగ్గా ఏసుకోలేదు."

"ఏడాదిపాటు గొంతుంది నాకు. నీకు చెప్పలేకపోయేను."

ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వు కాదు. ఆ కట్టు కట్టిన చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకున్నాను. నేను ఆ రోజు జాడీ మూత చూసి తిట్టుకున్న సంగతి చెప్పాను. ఇద్దరం ఒకే గుప్పెడు ఉప్పుని చెరో వైపూ మోస్తూ ఎదురుబొదురుగా మూడేళ్ళు లడ్డూల మీద హాస్యాలాడుకున్నాం.

పన్నెండింటికి ఊడ్పు తిరిగింది. పన్నెండూ ఒకటికి మళ్ళీ కొట్టాను. ఆ పేరు ఊళ్ళో లేదంది.

తర్వాత ఇద్దరం మా ఇంటికి వెళ్ళి వంటగది తలుపు ముందు నిలబడ్డాం. మంచు లేక ఎండ నేరుగా తలుపు మీద పడుతోంది. నేను పేరు చెప్పాను. "రామభద్రం."

"ఎవరండీ?" అంది తలుపు.

జవాబు చెప్పాల్సింది పెద్దవాళ్ళు. వదిన పలక మీద మెల్లగా రాసి నాకిచ్చింది. ఒక్క అక్షరం మార్చకుండా, ఆవిడ గొంతుగా, తలుపుకి చదివి వినిపించాను.

"మావోడేనండి. ఉప్పు కోసం వచ్చేడు. ఎల్లిపోయేడు."

తలుపు ఇంకేమీ అడగలేదు. వదిన గుడ్డ విప్పి, ఒలిచిన అరచెయ్యి మెల్లగా దాని మీద పెట్టింది. "రండి కాసులమ్మ గారూ" అంది. లోపలికి వెళ్ళి జావ కాచుకున్నాం. ఉప్పు నేను వేశాను, జాడీ మూత ఆవిడ పెట్టింది.